దాచాల్సింది ఆకారమా, అర్థమా?

ప్రోగ్రాం నడుస్తున్నంతసేపే ఆబ్జెక్టుకు ఉనికి. ప్రాసెస్ ఆగగానే మెమరీ ఖాళీ అవుతుంది, అందులోని ఖాతాలు, ఆర్డర్లు, తెరిచి ఉంచిన డాక్యుమెంట్లు అన్నీ పోతాయి. అవి రేపు మళ్లీ కావాలన్నా, మరో కంప్యూటర్‌కు చేరాలన్నా వాటిని బైట్ల వరుసగా మార్చి ఎక్కడో రాసిపెట్టాలి, ఆ బైట్ల నుంచి ఆబ్జెక్టును మళ్లీ నిలబెట్టాలి. మొదటిది సీరియలైజేషన్, రెండోది డీసీరియలైజేషన్. పాఠ్యపుస్తకాల్లో ఇది ఫైళ్ల అధ్యాయం చివర రెండు పేజీల్లో ముగిసిపోతుంది. అయితే గత నలభై ఏళ్లలో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలు ఇంత తేలిగ్గా తీసుకుని ఇంత భారీ మూల్యం చెల్లించిన విషయం మరొకటి లేదని నా అభిప్రాయం. ఆ మూల్యానికి కారణం ఒక్కటే అని కూడా అనుకుంటున్నాను. దాచాల్సింది ఆబ్జెక్టు విలువను. మనం దాచింది దాని లోపలి అమరికను. తిరిగి నిలబెట్టే పని ఆ క్లాస్ చేతుల మీదుగా జరగాలి; మనం దాన్ని క్లాస్‌కు తెలియకుండా జరిపించాం.

బస్సు టికెట్ల ప్రోగ్రాంలో ‘బస్సు’ అనే క్లాస్ ఉందనుకుందాం. అందులో మొత్తం సీట్లు 40, బుక్ అయిన సీట్ల జాబితా, ఖాళీల సంఖ్య ఉంటాయి. ఆ ఆబ్జెక్టును దాచడమంటే మూడు రకాల సంగతుల్ని దాచడం. మొదటివి విలువలు: 40, 17 వంటి అంకెలు, ఊళ్ల పేర్లు. వీటిని రాసిపెట్టడం సులువు. రెండోవి సంబంధాలు: ఈ సీటు ఏ ప్రయాణికుడిది, ఆ ప్రయాణికుడి పేరు మీదే మరో బస్సులో ఇంకో టికెట్ ఉందా అన్నవి. మెమరీలో ఇవి పాయింటర్లు. ఫైల్లో ఆ చిరునామాలకు అర్థం లేదు కాబట్టి ప్రతి ఆబ్జెక్టుకు ఒక నంబరు ఇచ్చి, రెండోసారి ఎదురైనప్పుడు ఆ నంబరు మాత్రం రాయాలి. కష్టమైనా ఇది పరిష్కారం తెలిసిన లెక్కే. మూడోది నియమం. బుక్ అయినవి, ఖాళీలు కలిపితే 40 కావాలి, ఒకే సీటు ఇద్దరికి ఉండకూడదు. ఈ నియమం ఏ ఫీల్డులోనూ కనిపించదు. కన్‌స్ట్రక్టర్‌లోనూ మెథడ్ల కోడ్‌లోనూ ఉంటుంది. ఫీల్డులన్నీ ఫైల్లోకి ఎక్కించినా నియమం ఫైల్లోకి ఎక్కదు. డేటాను దాచిపెట్టి, దానికి కాపలాగా మెథడ్లను నిలబెట్టడమే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతికి ప్రాణం అనుకుంటే, సీరియలైజేషన్ ప్రశ్న నేరుగా ఆ ప్రాణం మీదికే వస్తుంది. కాపలా లేకుండా లోపలికి, బయటికి దారి వేయాలా, లేక కాపలాదారునే అడగాలా?

ఈ ప్రశ్నకు తొలి రోజుల్లోనే రెండు భిన్నమైన సమాధానాలు వచ్చాయి. జిరాక్స్ పార్క్‌లో పుట్టిన స్మాల్‌టాక్ ఒక్కో ఆబ్జెక్టును దాచే గొడవే లేకుండా మొత్తం మెమరీని ‘ఇమేజ్’ పేరిట ఒకే ఫైలుగా రాసేసింది. మళ్లీ తెరిస్తే ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే నడుస్తుంది. క్లాసుల కోడ్ కూడా ఆ ఇమేజ్‌లోనే ఉంటుంది కాబట్టి డేటా, నియమం వేరు పడవు. 1980ల మొదట్లో స్కాట్లాండ్‌లో మాల్కం అట్కిన్సన్, రాన్ మారిసన్ బృందాలు పీఎస్-ఆల్గాల్ భాషతో ఇదే ఆశయాన్ని సిద్ధాంత స్థాయికి తీసుకెళ్లాయి. ఏ రకం డేటా అయినా ఎంతకాలమైనా బతకగలగాలి, దాన్ని దాచడం కోసం ప్రోగ్రామర్ విడిగా ఒక్క వాక్యం కూడా రాయనక్కర్లేకుండా ఉండాలి అన్నది వాళ్ల వాదం. ప్రోగ్రాముల్లో చాలా భాగం డేటాను ఫైళ్లలోకి, డేటాబేసుల్లోకి చేరవేయడానికే ఖర్చవుతోందన్న వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. ఆ ఆలోచన అందమైనది కూడా. అయితే అది ఒక ప్రపంచం లోపల మాత్రమే పనిచేస్తుంది. రెండు ఇమేజ్‌లు మాట్లాడుకోవాల్సి వచ్చినా, నిన్నటి డేటాను ఈరోజు మారిన క్లాస్ చదవాల్సి వచ్చినా పాత ప్రశ్న తిరిగి తలెత్తుతుంది.

రెండో సమాధానం 1982లో ఎంఐటీ నుంచి వచ్చింది. బార్బరా లిస్కోవ్, మోరిస్ హెర్లిహీ కలిసి అబ్‌స్ట్రాక్ట్ డేటా టైపుల విలువలను ఒక చోటి నుంచి మరో చోటికి పంపే పద్ధతిపై ఆ ఏడాది ఒక పత్రం ప్రచురించారు. వాళ్ల ప్రతిపాదన ఇది. ప్రతి టైపుకూ లోపలి అమరికతో సంబంధం లేని ఒక బయటి రూపం ఉండాలి. లోపలి నుంచి ఆ రూపానికి, ఆ రూపం నుంచి లోపలికి మార్చే రెండు ఆపరేషన్లను ఆ టైపును రాసినవారే ఇవ్వాలి. ఒక యంత్రం మీద జాబితాను అరేగా, మరో యంత్రం మీద గొలుసుగా అమలు చేసినా రెండూ మాట్లాడుకోగలగాలి. ఒకే ఆబ్జెక్టును ఇద్దరు పంచుకోవడం, చక్రంలా తిరిగి తనకే తగిలే సంబంధాలు వంటి చిక్కుల్ని కూడా వాళ్లు వదిలిపెట్టలేదు. నా దృష్టిలో ఈ సమస్యకు సరైన పునాది అప్పుడే పడింది. తర్వాత వచ్చిన ప్రధాన భాషలు దాన్ని పక్కనబెట్టి వేరే దారి పట్టాయి.

ఆ దారికి ప్రతినిధి జావా. 1997 ఫిబ్రవరిలో విడుదలైన జేడీకే 1.1లో సీరియలైజేషన్ వచ్చింది. క్లాస్ పేరు పక్కన ‘ఇంప్లిమెంట్స్ సీరియలైజబుల్’ అని రాస్తే చాలు. ఆ ఇంటర్‌ఫేస్‌లో ఒక్క మెథడ్ కూడా లేదు. ప్రైవేట్ ఫీల్డులతో సహా అన్నింటినీ, వాటి నుంచి చేరుకోగల ప్రతి ఆబ్జెక్టునూ జావా తానే తవ్వి తీసి రాసేస్తుంది. వద్దనుకున్న ఫీల్డుకు ‘ట్రాన్సియెంట్’ అని తగిలించాలి. దూరంగా ఉన్న యంత్రంలోని ఆబ్జెక్టును దగ్గరున్నట్టే పిలిచే ఆర్ఎంఐ కూడా అదే విడుదలలో వచ్చింది, దానికి ఇది ఇంధనం. ఆ రోజుల్లో ఈ సౌలభ్యం ఎంత ఆకర్షించిందో తేలిగ్గా ఊహించవచ్చు, ఎంటర్‌ప్రైజ్ రంగంలో జావా అంత త్వరగా పాకడంలో దీని పాత్ర చిన్నది కాదు. కానీ ఆ ఒక్క పదంతో ప్రైవేట్ ఫీల్డులు ఇక ప్రైవేట్ కాకుండా పోయాయి. ఫైల్లోకి వెళ్లిన లోపలి పేరు ఒక ఒప్పందంగా మారింది. ఆ తర్వాత ఫీల్డు పేరు మార్చినా, రకం మార్చినా పాత ఫైళ్లు దెబ్బతింటాయి. క్లాస్ వెర్షన్‌ను గుర్తించే ‘సీరియల్ వెర్షన్ యూఐడీ’ని ప్రోగ్రామర్ రాయకపోతే క్లాస్ నిర్మాణం నుంచి జావాయే 64 బిట్ల సంఖ్యను లెక్కిస్తుంది. అప్పుడు ఒక కొత్త పబ్లిక్ మెథడ్ చేర్చినా ఆ సంఖ్య మారిపోయి, పాత డేటా చదవనని లైబ్రరీ తిరస్కరిస్తుంది. డేటాలో ఏ మార్పూ లేదు, అయినా చదవదు. జావా సొంత స్వింగ్ లైబ్రరీయే ఇందుకు సాక్ష్యం. ఇలా దాచిన ఆబ్జెక్టులు రాబోయే స్వింగ్ విడుదలలతో పొసగవన్న హెచ్చరిక దాని డాక్యుమెంటేషన్‌లో క్లాస్ తర్వాత క్లాస్‌లో కనిపిస్తుంది. దీర్ఘకాలం దాచుకోవడానికి జావా 1.4లో ఎక్స్ఎంఎల్ ఎన్‌కోడర్ అనే వేరే సాధనాన్ని చేర్చారు. అది ప్రైవేట్ ఫీల్డుల జోలికి వెళ్లకుండా, క్లాస్ బయటికి చూపే గుణాల ద్వారానే పనిచేస్తుంది. లిస్కోవ్, హెర్లిహీల దారికి ఇది దగ్గరి చుట్టం.

పాత ఫైళ్లు చదవలేకపోవడం చిన్న కష్టం. పెద్ద ప్రమాదం తిరిగి నిలబెట్టే వైపు ఉంది. సీరియలైజబుల్ క్లాస్ ఆబ్జెక్టును చదివేటప్పుడు జావా ఆ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌ను పిలవదు. ఖాళీ ఆబ్జెక్టును సృష్టించి, బైట్లలో ఏ విలువలుంటే వాటిని ఫీల్డుల్లో నేరుగా కూర్చోబెడుతుంది. అంటే ప్రతి సీరియలైజబుల్ క్లాస్‌కూ, రాసినవారు తలపెట్టని ఒక దొడ్డిదారి ఏర్పడింది. కన్‌స్ట్రక్టర్‌లో ఎంత జాగ్రత్తగా తనిఖీలు రాసినా ఈ దారిన వచ్చేవాడిని అవి ఆపలేవు. మన బస్సులో 40 సీట్లకు 55 బుకింగులు, మైనస్ 15 ఖాళీలు ఉన్న ఆబ్జెక్టు సునాయాసంగా లోపలికి వచ్చేస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి ‘రీడ్ ఆబ్జెక్ట్’ మెథడ్ రాసి కన్‌స్ట్రక్టర్ తనిఖీలన్నీ అందులో మళ్లీ చేయవచ్చు, నిజమే. కానీ అదే పని రెండుసార్లు రాయాలన్న సంగతి గుర్తుంచుకునేవారు తక్కువ. జాషువా బ్లాక్ తన ‘ఎఫెక్టివ్ జావా’లో ఈ లోటును పూడ్చడానికి సీరియలైజేషన్ ప్రాక్సీ అనే పద్ధతి నేర్పించారు. ఆబ్జెక్టుకు బదులు దాని విలువను మాత్రం మోసే చిన్న సహాయక క్లాస్‌ను రాసి, చదివేటప్పుడు దాని నుంచి అసలు కన్‌స్ట్రక్టర్‌ను పిలవడం ఆ పద్ధతి. చూడండి, భాష అందించిన యంత్రాంగాన్ని సరిగ్గా వాడాలంటే ఆ యంత్రాంగాన్ని తప్పించుకోవాల్సి వచ్చింది.

ఈ దొడ్డిదారి దాడులకు రాజమార్గమైంది 2015లో. ఆ జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన భద్రతా సదస్సులో క్రిస్ ఫ్రోహాఫ్, గేబ్రియల్ లారెన్స్ ఒక సంగతి చూపించారు. చదివే ప్రోగ్రాంలో దోషమున్న కోడ్ ఒక్క వరుస కూడా ఉండనక్కర్లేదు. అపాచీ కామన్స్ కలెక్షన్స్ వంటి అందరూ వాడే లైబ్రరీ క్లాస్‌పాత్‌లో ఉంటే చాలు. అందులోని క్లాసుల ఆబ్జెక్టుల్ని ఒకదానికొకటి తగిలేలా అల్లి పంపితే, చదివే ప్రక్రియలోనే ఒకటి మరొకదాన్ని పిలుస్తూ పోయి చివరికి దాడి చేసేవాడు కోరిన ఆదేశం సర్వర్ మీద నడుస్తుంది. విడివిడిగా చూస్తే ఏ క్లాసులోనూ తప్పు లేదు. ఆ నవంబరులో వెబ్‌లాజిక్, వెబ్‌స్ఫియర్, జేబాస్, జెంకిన్స్ వంటి పేరున్న సర్వర్లన్నీ ఈ దాడికి లొంగుతాయని బయటపడింది. దాడి అంత దూరం పోనక్కర్లేదు కూడా. బ్లాక్ పుస్తకం మూడో కూర్పు ఉదహరించే ఒక ఫైల్లో 201 హ్యాష్‌సెట్లు మాత్రమే ఉంటాయి, పరిమాణం 5,744 బైట్లు. ఒకదానిలో ఒకటి ఇరికించి ఉండటం వల్ల దాన్ని చదవడానికి పూనుకున్న ప్రోగ్రాం ఇక ఎప్పటికీ ఆ పని పూర్తి చేయలేదు. 2018లో జావా ప్రధాన ఆర్కిటెక్ట్ మార్క్ రైన్‌హోల్డ్ ఒక సభలో, సీరియలైజేషన్‌ను చేర్చడం 1997లో చేసిన ఘోరమైన పొరపాటని, జావా భద్రతా లోపాల్లో మూడింట ఒక వంతుకు, బహుశా సగానికి ఇదే మూలమని ఒప్పుకున్నారు.

ఇది జావా ఒక్కదాని కథ అనుకుంటే పొరపాటు. పైథాన్ పికిల్ ఫైలు నిజానికి డేటా కాదు. అది ఒక చిన్న స్టాక్ యంత్రానికి ఇచ్చే ఆదేశాల వరుస, ఆ ఆదేశాల్లో ‘ఫలానా ఫంక్షన్‌ను ఫలానా విలువలతో పిలువు’ అన్నది కూడా ఒకటి. అందుకే నమ్మకమైన చోటి నుంచి వచ్చిన దాన్ని తప్ప తెరవవద్దని పైథాన్ డాక్యుమెంటేషన్ మొదట్లోనే హెచ్చరిస్తుంది. పీహెచ్‌పీ అన్‌సీరియలైజ్ మీద ఇలాంటి దాడులు ఎలా అల్లవచ్చో స్టెఫాన్ ఎస్సర్ 2009 నాటికే చూపారు. 2013 జనవరిలో రూబీ ఆన్ రైల్స్‌కు వెబ్ అభ్యర్థనల్లో దాగి వచ్చిన యామ్ల్ అనే టెక్స్ట్ రూపం ద్వారా అదే గతి పట్టింది. డాట్‌నెట్ బైనరీ ఫార్మాటర్ కథా అదే. భాషలు వేరు, రాసినవాళ్లు వేరు, దశాబ్దాలు వేరు. ఇన్ని చోట్ల ఒకే గాయం పడినప్పుడు తప్పు ఒక లైబ్రరీ కోడ్‌లో ఉందనలేం, నమూనాలోనే ఉంది. ఏ క్లాస్ ఆబ్జెక్టును సృష్టించాలన్న నిర్ణయాన్ని చదివే ప్రోగ్రాం చేతిలోంచి తీసి ఫైలు చేతిలో పెట్టడం, ఆ ఆబ్జెక్టును దాని క్లాస్‌కు చెప్పకుండా నిర్మించడం, ఈ రెండూ ఆ నమూనాలో విడదీయరాని భాగాలు.

ఇక్కడ చాలామంది చెప్పే సమాధానం జేసన్. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ టెక్స్ట్ రూపం 2006లో ఆర్ఎఫ్‌సీగా నమోదై, ఈరోజు వెబ్‌కు వాడుక భాష అయింది. మనిషి చదవగలడు, ఏ భాషైనా చదవగలదు, అందులో ఆదేశాలు లేవు. కానీ బైనరీని వదిలి టెక్స్ట్ పట్టుకుంటే రోగం పోతుందన్నది భ్రమ. 2017లో అల్వారో మున్యోస్, ఒలెక్సాండర్ మిరోష్ బ్లాక్ హ్యాట్ సదస్సులో జావా, డాట్‌నెట్ జేసన్ లైబ్రరీలను వరుసగా పరీక్షించి చూపారు. ఫైల్లో క్లాస్ పేరు రాసే సౌకర్యం ఉన్న ప్రతిచోటా పాత దాడే కొత్త వేషంలో పనిచేసింది. జావా ప్రపంచంలో అందరూ వాడే జాక్సన్ లైబ్రరీ ఆ సౌకర్యం వల్ల ఏళ్ల తరబడి ఒకదాని వెంట ఒకటిగా లోపాలు సరిచేసుకోవాల్సి వచ్చింది. గూగుల్ వారి జీసన్ లైబ్రరీ, ఆర్గ్యుమెంట్లు లేని కన్‌స్ట్రక్టర్ దొరక్కపోతే కన్‌స్ట్రక్టర్‌నే దాటవేసి ఆబ్జెక్టును సృష్టిస్తుంది. టెక్స్ట్ అయితేనేం, దొడ్డిదారి తెరిచే ఉంది. విలువల దగ్గరా చిక్కులున్నాయి. జావాస్క్రిప్ట్ మామూలు సంఖ్యల రకం 2 పవర్ 53 దాటిన పూర్ణాంకాలన్నింటినీ కచ్చితంగా పట్టుకోలేదు. ట్విట్టర్ 2010లో 64 బిట్ల ట్వీట్ సంఖ్యలకు మారినప్పుడు, చివరి అంకెలు చెడిపోకుండా ప్రతి సంఖ్యనూ స్ట్రింగ్‌గా కూడా పంపాల్సి వచ్చింది. ఒకే ప్రయాణికుడు రెండు బస్సుల్లో ఉంటే జేసన్‌లో అతడు ఇద్దరవుతాడు. కాబట్టి జేసన్ మంచిదే, కానీ అది అక్షరాల సమస్యకు పరిష్కారం. అర్థం సమస్యను అది ముట్టుకోదు.

అర్థం వైపు నిజమైన అడుగు వేసినవి స్కీమాతో మొదలయ్యే పద్ధతులు. గూగుల్ 2008 జులైలో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్‌లో ముందుగా సందేశం ఎలా ఉండాలో ఒక ఫైల్లో రాస్తారు, ప్రతి ఫీల్డుకూ ఒక సంఖ్య ఇస్తారు. బైట్లలోకి వెళ్లేది ఆ సంఖ్యే, పేరు కాదు. క్లాసులో పేర్లు ఎన్నిసార్లు మార్చుకున్నా పాత డేటా చెక్కుచెదరదు. తీసేసిన ఫీల్డు సంఖ్యను మళ్లీ ఎవరూ వాడకుండా ‘రిజర్వ్’ చేసిపెట్టవచ్చు. తనకు తెలియని సంఖ్య ఎదురైతే పాత ప్రోగ్రాం దాన్ని దాటి ముందుకు పోతుంది. డగ్ కటింగ్ 2009లో మొదలుపెట్టిన అపాచీ యావ్రో రాసినవారి స్కీమాను, చదివేవారి స్కీమాను పక్కపక్కన పెట్టి తేడాలను పొందిక చేస్తుంది. ‘తప్పనిసరి’ ఫీల్డు అన్న భావననే ప్రోటోకాల్ బఫర్స్ మూడో రూపం తీసేసింది. ఈరోజు తప్పనిసరి అనిపించింది పదేళ్ల తర్వాత అడ్డంకి కావచ్చన్నది దాని వెనుకనున్న అనుభవం. ఈ పద్ధతుల్లో ఒక వినయం ఉంది. ఇవి ఆబ్జెక్టులను దాస్తామని చెప్పుకోవు, సందేశాలను దాస్తామంటాయి. సందేశం నుంచి ఆబ్జెక్టును కట్టుకోవడం మన బాధ్యత.

లోపలి నిర్ణయాలు బయటికి పొక్కితే ఏమవుతుందో తెలుగువారికి నేరుగా తగిలే ఉదాహరణ ఒకటుంది. జావాలో ‘రైట్ యూటీఎఫ్’ అనే మెథడ్ స్ట్రింగ్‌ను రాసేముందు దాని పొడవును రెండు బైట్లలో రాస్తుంది. అందుకే స్ట్రింగ్ 65,535 బైట్లు దాటితే ఎక్సెప్షన్ విసిరేస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగు యూనికోడ్ సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. గుణింతాలు, ఒత్తులు వేటికవే విడి సంకేతాలు. అంటే ఇంగ్లిష్‌లో 65,535 అక్షరాలు పట్టే చోట తెలుగులో 21,845 సంకేతాలకే హద్దు వచ్చేస్తుంది. ఇంగ్లిష్ వ్యాసాలతో పరీక్షించినప్పుడు సాఫీగా నడిచిన ప్రోగ్రాం పొడవైన తెలుగు వ్యాసం దగ్గర కూలిపోతుంది. వ్యాసం పొడవుకూ ఆ హద్దుకూ ఏ సంబంధమూ లేదు, ఎవరో పొడవుకు రెండు బైట్లు చాలనుకున్నారు, అంతే.

డేటాబేస్ దారి గురించి క్లుప్తంగా చెబితే చాలు. 1980ల చివర ఆబ్జెక్ట్ డేటాబేసులు ఎంతో ఆశతో వచ్చి ఒక మూలకు పరిమితమయ్యాయి. 2001లో గావిన్ కింగ్ మొదలుపెట్టిన హైబర్నేట్ వంటివి ఆబ్జెక్టులను రిలేషనల్ పట్టికలకు అతికించాయి. పట్టికల స్కీమా ఆబ్జెక్టులకు బయట, అందరికీ కనిపించేలా ఉండటమే ఈ దారికి బలం. ఇది చిక్కులు లేనిదేం కాదు, కానీ ఇరవై ఏళ్ల నాటి పట్టికను ఈరోజు చదవగలుగుతున్నామంటే కారణం అదే.

ఇంత వాదించాక ఎదురయ్యే అభ్యంతరాల్లో మొదటిది శ్రమ. వందల క్లాసులున్న ప్రోగ్రాంలో ప్రతిదానికీ చేత్తో రెండు మార్పిడులు రాయమంటే ఎవరు రాస్తారు? ఆటోమేటిక్ పద్ధతి గెలిచింది ఇందుకే కదా? ఇది బరువైన అభ్యంతరం, దీన్ని తోసేయలేం. కానీ ఆటోమేటిక్‌గా చేయడం వేరు, క్లాస్‌ను దాటవేసి చేయడం వేరు. ఆ రెండింటినీ కలిపేయడం 1997లో తీసుకున్న నిర్ణయమే తప్ప ప్రకృతి నియమం కాదు. 2021 మార్చిలో జావా 16తో పూర్తి స్థాయిలో వచ్చిన రికార్డులు ఇందుకు రుజువు. రికార్డు ఏ విలువలతో తయారవుతుందో దాని తొలి పంక్తిలోనే ఉంటుంది, దాన్ని చదివేటప్పుడు జావా తప్పనిసరిగా దాని ప్రధాన కన్‌స్ట్రక్టర్‌నే పిలుస్తుంది. ప్రోగ్రామర్ అదనంగా ఏమీ రాయలేదు, కాపలా కూడా తప్పలేదు. రస్ట్ భాషలోని సర్డే లైబ్రరీ కోడ్‌ను కంపైల్ సమయంలో తానే పుట్టిస్తుంది, కావాలంటే చదివిన విలువను ముందు తనిఖీ ఫంక్షన్‌కు పంపే వీలిస్తుంది. బ్రయాన్ గెట్జ్ 2019లో జావాకు ప్రతిపాదించిన దిశ కూడా ఇదే: ఆబ్జెక్టును విప్పడానికీ కట్టడానికీ క్లాస్ స్వయంగా పేర్కొన్న దారులనే సీరియలైజేషన్ వాడుకోవాలి. శ్రమ పూర్తిగా పోదు. ఏది విలువ, ఏది కేవలం అమరిక అని ఆలోచించే శ్రమ మిగులుతుంది, దాన్ని ఏ యంత్రమూ మన తరఫున చేయలేదు.

రెండో అభ్యంతరం నమ్మకం గురించి. బయటివాళ్ల డేటాను చదవకపోతే సరి, లేదా మన డేటా మీద రహస్య తాళంతో సంతకం చేసి, సంతకం సరిపోతేనే చదివితే సరి, అంటారు. ఏఎస్‌పీ డాట్‌నెట్ వ్యూస్టేట్ (వెబ్ పేజీ స్థితిని దాచే యంత్రాంగం) సరిగ్గా ఈ పద్ధతినే నమ్ముకుంది. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ చెప్పిన ప్రకారం అలాంటి తాళాలు 3,000కు పైగా ఇంటర్నెట్‌లో బహిరంగంగా పడి ఉన్నాయి, ప్రోగ్రామర్లు వాటిని నమూనా కోడ్ నుంచి యథాతథంగా తీసుకుని వాడేశారు. ఆ జులైలో షేర్‌పాయింట్ సర్వర్ల మీద జరిగిన దాడుల్లో ముందు ఆ సర్వర్ల తాళాలనే దొంగిలించారు, దాంతో లోపం సరిచేశాక కూడా తాళాలు మార్చనివారికి ప్రమాదం తప్పలేదు. సంతకం అవసరమే, కానీ దాని వెనుక ఏ కోడ్‌నైనా నడపగల యంత్రాంగం ఉన్నంతకాలం ఒక్క తాళం జారినా సర్వస్వం జారుతుంది. వెనుక ఉన్నది కేవలం డేటా అయితే నష్టం ఆ డేటాకే పరిమితం. జావా 9తో వచ్చిన ఫిల్టర్లు ఏ క్లాసులను అనుమతించాలో పేర్కొనే వీలిచ్చాయి, నడుస్తున్న పాత వ్యవస్థలకు అవి ఎంతో మేలు చేశాయి. అయినా దొడ్డిదారికి కాపలాదారుని పెట్టినట్టే గానీ దారి మూసినట్టు కాదు.

అభ్యంతరాల్లో నేను పూర్తిగా అంగీకరించేది ఒకటుంది. ఒకే ప్రోగ్రాం, ఒకే వెర్షన్, కొన్ని క్షణాల ఆయుష్షు ఉన్న డేటా అయితే పైన చెప్పిన కష్టాలు చాలావరకు వర్తించవు. పైథాన్‌లో ఒక ప్రాసెస్ తన పిల్ల ప్రాసెస్‌కు పని పంచేటప్పుడు పికిల్ వాడుతుంది, అక్కడ అది తగిన సాధనమే. చిక్కేమిటంటే తాత్కాలిక డేటా తాత్కాలికంగా ఉండిపోదు. మెషీన్ లెర్నింగ్‌లో జరిగిందిదే. పరిశోధకులు తమ ల్యాబులో తాము వాడుకోవడానికి పైటార్చ్ మోడళ్లను పికిల్‌గా దాచారు. తర్వాత అవే ఫైళ్లను ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసుకోవడం మొదలైంది. ఊరూపేరూ తెలియని వ్యక్తి పెట్టిన మోడల్‌ను తెరవడమంటే అతని కోడ్‌ను మన యంత్రంలో నడపడమే అన్న సంగతి అందరికీ అర్థమయ్యేసరికి ఆలస్యమైంది. హగ్గింగ్ ఫేస్ 2022లో తెచ్చిన సేఫ్‌టెన్సర్స్ రూపంలో మొదట 8 బైట్ల పొడవు, తర్వాత జేసన్ శీర్షిక, ఆ తర్వాత అంకెలు మాత్రమే ఉంటాయి. నడిపించడానికి అందులో ఏమీ లేదు. పైటార్చ్ కూడా 2025 జనవరిలో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి, అడిగితే తప్ప మోడల్ బరువులు (వెయిట్స్) మినహా మరేదీ చదవకుండా తన అలవాటు మార్చుకుంది.

పాత ఫైళ్ల సంగతి ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇంకా మిగిలే ఉంది, ఇప్పుడు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దాని మీదే. 2024 నవంబరులో వచ్చిన డాట్‌నెట్ 9 నుంచి బైనరీ ఫార్మాటర్‌ను మైక్రోసాఫ్ట్ తొలగించింది, పిలిస్తే ఎక్సెప్షన్ తప్ప ఏమీ రాదు. కానీ రెండు దశాబ్దాలకు పైగా దానితో రాసిన ఫైళ్లు ఎన్నో సంస్థల డిస్కుల మీద ఉన్నాయి. వాటి కోసం ఒక డీకోడర్‌ను విడిగా ఇచ్చారు. అది పాత బైట్లను చదువుతుంది, క్లాసుల పేర్లను, ఫీల్డుల విలువలను బయటపెడుతుంది. అయితే ఏ క్లాస్‌నూ లోడ్ చేయదు, ఏ ఆబ్జెక్టునూ సృష్టించదు. ఆ విలువల్ని తీసుకుని, తనిఖీ చేసుకుని, తన కన్‌స్ట్రక్టర్‌తో ఆబ్జెక్టును కట్టుకోవడాన్ని ప్రోగ్రామర్‌కే వదిలేస్తుంది. జావా సీరియలైజేషన్‌లో దాచిన డేటాకు, పికిల్‌లో దాచిన డేటాకు ఇలాంటి డీకోడర్‌ను భాషతోపాటే అందించాల్సిన బాధ్యత ఆ భాషలను నడిపేవారి మీద ఉంది.